నలభై దాటిన ప్రార్థన

కాజీపేట నుండి విజయవాడకు పోయే రైలు మార్గంలో, వరంగల్లు దాటిన తరువాత, నెక్కొండ అనే స్టేషను ఒకటి ఉన్నది. దూరప్రయాణం చేసే బండ్లు అనేకం అక్కడ ఆగకుండానే దాటిపోతాయి. నేను పుట్టి పెరిగినది ఆ ఊళ్ళోనే. మా ఇంటి ముందరి అరుగు మీద పడుకొంటే రాత్రి పొద్దుపోయేదాకా బండ్ల చప్పుడు వినబడుతుంది. ఏ చప్పుడు గూడ్సు బండిదో, ఏది ప్యాసింజరుదో కండ్లు మూసుకొని చెప్పగలగటం మా చిన్నతనంలో ఒక విద్య. ఆ విద్య నాకు ఇప్పటికీ మరపు రాలేదు.

గడచిన కార్తికమాసంలో నేను నాలుగు రోజులు సెలవు పెట్టి ఆ ఊరికి వెళ్ళాను. నాకు నలభై అయిదేళ్ళు. నా జేబులో ఒక ఉత్తరం ఉన్నది. దానికి పదిహేను రోజులలో జవాబు వ్రాయాలి. ఏమి వ్రాయాలో తోచక, దేవుణ్ణి అడిగి తెలుసుకొందామని వెళ్ళాను. అక్కడ జరిగినదీ, దానిని గురించి నాకు తోచినదీ ఈ పూట మీకు విన్నవిస్తాను. ఇది పెద్ద విషయం కాదు. కాని నా వయస్సువారు ఎందరికో ఇటువంటి రోజు ఒకటి వచ్చే ఉంటుంది.

మనం దేవుణ్ణి అడిగే విషయాలు వయస్సుతోబాటు మారుతుంటాయి. పిల్లవాడు పరీక్ష గట్టెక్కించమంటాడు. యువకుడు ఉద్యోగం అడుగుతాడు. పెళ్ళయి పిల్లలు పుట్టిన తరువాత, వాళ్ళకు జ్వరం వచ్చిన రాత్రి అడిగే కోరిక వేరు. ఇవన్నీ ఇయ్యమని అడిగే కోరికలు. ఇచ్చాడో లేదో మనకు తెలుస్తుంది. నలభై దాటిన తరువాత వచ్చే ప్రార్థన వేరు తీరుగా ఉంటుంది. అప్పటికి ఇల్లు వాకిలి ఏర్పడి ఉంటాయి, వెంట్రుకలు నెరుస్తుంటాయి, తల్లిదండ్రులలో ఒకరో ఇద్దరో వెళ్ళిపోయి ఉంటారు. అప్పుడు మనిషి ఫలానాది ఇయ్యమని అడగడు. ఏమి చెయ్యను, ఎటు పోను అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు వచ్చిందో రాలేదో తెలుసుకోవటం కూడా కష్టమే.

నా జేబులోని ఉత్తరం, పై ఉద్యోగమిచ్చి దూరపు పట్టణానికి బదిలీ చేస్తామన్న ఉత్తరం. జీతం పెరుగుతుంది, హోదా పెరుగుతుంది. ఒప్పుకోకపోతే మరి కొన్నేళ్ళదాకా అటువంటి అవకాశం రాదు. ఇంట్లో కొడుకు కళాశాల చదువుకు వచ్చాడు; ఆ ఖర్చు ముందున్నది. నెక్కొండలో మా అమ్మ ఒక్కతే ఉన్నది. మా బాపు పోయి రెండేళ్ళయింది. ఆ ఇల్లు విడిచి రానంటుంది. వెళ్ళకపోతే అమ్మకు దగ్గరగా ఉంటాను. వెళితే కొడుకు చదువుకు చింత ఉండదు. రెండువైపులా ధర్మమే కనబడుతున్నది. తేలికగా ఎన్నుకోవటానికి ఒకవైపు అధర్మమైనా లేదు.

ఆ ఉత్తరం వచ్చిన నాటి నుండి నేను చేసిన పనులు చెపుతాను. మీరు నవ్వినా సరే. జోస్యుని వద్దకు వెళ్ళాను. ఆయన గురుబలం బాగున్నదన్నాడు, శని చూపు కూడా ఉన్నదన్నాడు. మిత్రులను అడిగాను. వెళ్ళినవారు వెళ్ళమన్నారు, వెళ్ళనివారు వద్దన్నారు. పొద్దున్నే బయట అడుగుపెట్టగానే ఎదురువచ్చేది ఏమిటా అని చూడటం మొదలుపెట్టాను. విశ్వవిద్యాలయంలో చదివిన తర్కశాస్త్రం ఆ రోజులలో నాకు ఎందుకూ పనికిరాలేదు. మనిషికి భయం కలిగినప్పుడు చదువు ఇంటి బయటనే నిలబడుతుంది.

నెక్కొండ చేరిన మరునాటి సాయంత్రం మా అమ్మ తులసి కోట దగ్గర దీపం పెడుతుండగా, నేను దేవుని గూటి ముందు కూర్చుండి రెండు చీట్లు వ్రాశాను. ఒకదాని మీద 'వెళ్ళు' అనీ, ఇంకొకదాని మీద 'ఉండు' అనీ. మడిచి, కలిపి, కండ్లు మూసుకొని ఒకటి తీశాను. 'వెళ్ళు' అని వచ్చింది. నాకు తృప్తి కలుగలేదు. సరిగా కలపలేదేమోనని మళ్ళీ తీశాను. 'ఉండు' అని వచ్చింది. అదీ నచ్చలేదు. మూడవసారి చెయ్యి చాచుతుండగా అమ్మ లోపలికి వచ్చింది.

"దేవుని ముందట చీటీలేంది కొడుకా?" అన్నది.

దాచటానికి వీలులేక, ఉన్న సంగతి చెప్పాను. జోస్యుణ్ణి అడిగినదీ, మిత్రులను అడిగినదీ అన్నీ చెప్పాను. ఆమె చేతిలోని నూనెగిన్నె పక్కకు పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది:

"జోస్యున్నడిగినవు, దోస్తులనడిగినవు, ఆఖరుకు దేవున్ని సుత అడిగినవు. నన్నొక్కమాట అడుగకపోతివి."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఆమె వెళ్ళి పొయ్యి అంటించింది. నేను ఆ రెండు చీట్లూ జేబులో వేసుకొని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బండ్లు ఇటునుండి అటు, అటునుండి ఇటు పోతున్నాయి. దేవుని వలన దారి తెలుసుకొన్నామని చెప్పినవారు పూర్వం లేకపోలేదు గదా, వారికి ఎట్లా తెలిసింది అన్న ఆలోచన కలిగింది.

ముందుగా అర్జునుడు జ్ఞాపకం వచ్చాడు. ఏది మంచిదో నిశ్చయించి చెప్పుమనీ, నేను నీ శిష్యుడననీ అడిగినవాడు అతడే. గీత చదివినవారందరికీ ఆ ప్రశ్న జ్ఞాపకం ఉంటుంది. కాని పదునెనిమిదవ అధ్యాయం చివర కృష్ణుడు అన్న మాటను మనం అంతగా పట్టించుకోము. చెప్పవలసినదంతా చెప్పిన తరువాత ఆయన, ఇదంతా బాగుగా ఆలోచించి నీకు ఎట్లా తోస్తే అట్లా చెయ్యి అంటాడు. అడిగినవాడు అర్జునుడు, పక్కన సారథిగా ఉన్నవాడు సాక్షాత్తు భగవంతుడు. అయినా నిర్ణయం చేసే భారాన్ని ఆయన తాను తీసుకోలేదు. ఆలోచించగల శక్తిని శిష్యునికి తిరిగి ఇచ్చాడు. నేను చీట్లు వ్రాసి చేసినది సరిగా దానికి విరుద్ధం. ఆలోచన అక్కరలేకుండా జవాబు ఇమ్మని అడిగాను. అదైనా, నాకు నచ్చే జవాబు వచ్చేదాకా అడగదలచాను.

ఓరుగల్లు వైపు పోయే బండి ఒకటి వచ్చింది. ఆ వైపున, ఇప్పటి జనగామ జిల్లాలో, బమ్మెర ఉన్నది. పోతనామాత్యుని ఊరు అదేనని మా ప్రాంతం వారందరి నమ్మకం. పదిహేనవ శతాబ్దికి చెందిన ఆ మహాకవి తన భాగవతావతారికలో, తనకు ఆదేశం కలిగిన విధం చెప్పాడు. చంద్రగ్రహణం నాడు గంగకు వెళ్ళి, స్నానం చేసి, ఇసుకతిన్నె మీద కూర్చుండి మహేశ్వరుణ్ణి ధ్యానిస్తుండగా, రామచంద్రుడు కనబడి భాగవతాన్ని తెలుగు చెయ్యమన్నాడట. ఆ కథలో రెండు విషయాలు నన్ను ఆకర్షించాయి. ఆయన ధ్యానించినది ఒకరిని, వచ్చినవారు మరొకరు. మనం ఎదురుచూచే ద్వారం నుండే జవాబు రావాలన్న నియమం లేదు. ఇక రెండవది, వచ్చినవారు ఇచ్చినది వరం కాదు, పని. పదునెనిమిది వేల శ్లోకాలని పేరుపొందిన గ్రంథాన్ని తెనిగించే పని. ఆ పని కూడా పూర్తిగా ఆయన చేతి మీద ముగియలేదు. అయిదవ స్కంధం గంగన, ఆరవది సింగన, చివరి రెండు స్కంధాలు నారయ వ్రాసినట్లు మనకు తెలుసు. దైవాదేశం పొందినవానికి కూడా, మొదలుపెట్టిన పని తానే ముగిస్తానన్న హామీ దొరకలేదన్నమాట. నేను అడిగినదేమో, అడుగు వెయ్యకముందే చివరిదాకా చూపమని.

అర్ధరాత్రి దాటాక డోర్నకల్లు వైపు ఒక గూడ్సు బండి పోయింది. ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. బండిలో కూర్చుంటే నెక్కొండ నుండి ఎంతో సేపు పట్టదు. అక్కడి పెద్ద చర్చిని చిన్నతనంలో బాపు నాకు చూపించాడు. గుమ్మటాలు చూస్తే మసీదు జ్ఞాపకం వస్తుంది. లోపలి స్తంభాలు చూస్తే దేవాలయ మంటపం జ్ఞాపకం వస్తుంది. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని కట్టించినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

అజరయ్యగారిది తిరునెల్వేలి ప్రాంతం, మాతృభాష తమిళం. 1874లో ఒక గ్రామ పురోహితుని ఇంట పుట్టారు. యువకుల సంఘమైన వై.ఎం.సి.ఎ.కు కార్యదర్శిగా దక్షిణదేశమంతటా తిరిగి మంచి పేరు తెచ్చుకొన్నారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు, విదేశీయుల మీద ఆధారపడకుండా తమ ధనంతోనూ తమ మనుషులతోనూ నడిపించుకొనే ప్రచార సంఘం ఒకటి స్థాపించారు. దానిని నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యులు. ఆ సంఘం తన పనికి ఎన్నుకొన్న స్థలం డోర్నకల్లు. పట్టణంలో కార్యదర్శి పదవిలో ఉండి, ఎవరినో పంపించి, నివేదికలు చదువుతూ కూర్చోవచ్చు. కాని 1909లో, ముప్పై అయిదేళ్ళ వయస్సులో, ఆ పదవి వదలుకొని ఆయన తానే డోర్నకల్లు వచ్చారు.

నేను ఆలోచించినది ఆయన మతాన్ని గురించి కాదు, ఆ ప్రయాణాన్ని గురించి. ముప్పై అయిదేళ్ళవాడు, సభలలో గొప్పగా మాట్లాడగలిగినవాడు, ఒక్క మాట రాని చోటికి వచ్చి, పిల్లవానివలె తెలుగు నేర్చుకొన్నాడు. ఎవరి మధ్యకు వచ్చాడో వారు ఎక్కువగా అంటరానివారని ఊరి బయట ఉంచబడిన బీదవారు. అక్కడ తనకు ఏమి లభిస్తుందో ఆయనకు తెలియదు. మూడేళ్ళ తరువాత, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషప్ పదవి ఇచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. కాని 1909లో రైలు దిగినప్పుడు ఆ సంగతి ఆయన జాతకంలో ఎవరూ చదివి చెప్పలేదు. 1945 జనవరి 1వ తేదీన ఆ డోర్నకల్లులోనే కన్నుమూశారు. ముప్పై అయిదేళ్ళకు వచ్చి, మరి ముప్పై అయిదేళ్ళు అక్కడనే ఉన్నారు. నడివయస్సు అంటే సగం అయిపోయినదనే కాదు, ఇంకా సగం ఉన్నదని కూడా అర్థం.

ఆ ముగ్గురినీ తలచుకొన్నాక నాకు ఒక సంగతి స్పష్టపడింది. వారికి దొరికినది భవిష్యత్తును గురించిన సమాచారం కాదు. నేను అడుగుతున్నది అదే. సుఖపడతానా, నష్టపోతానా, తరువాత పశ్చాత్తాపపడతానా అని అడుగుతున్నాను. అది దేవుణ్ణి అడగటం కాదు. దేవుణ్ణి జోస్యుని పీట మీద కూర్చుండబెట్టటం.

తెల్లవారిన తరువాత అమ్మ, "అన్నారం పోయొద్దాం పా" అన్నది. అన్నారం మా ఊరికి దగ్గర. పర్వతగిరి మండలంలో ఉన్నది. అక్కడ యాకూబ్ షావలీ దర్గా ఉన్నది. ముస్లిములతో సమానంగా హిందువులు వస్తారు, మొక్కులు చెల్లిస్తారు, కందూరు చేసి బంధువులకు అన్నం పెడతారు. మా ప్రాంతంలో యాకయ్య, యాకమ్మ, యాకూబ్ రెడ్డి అన్న పేర్లు వింటే బయటివారు ఆశ్చర్యపడతారు. అవి ఆ దర్గా మొక్కుతో పుట్టిన పిల్లల పేర్లు. మా బడిలో మా తరగతిలోనే ఇద్దరు యాకయ్యలు ఉండేవారు.

బాపు యేటేటా అక్కడికి వెళ్ళేవాడు. దర్గా ఆవరణలో చెట్టు నీడన కూర్చున్నప్పుడు, ఏమి మొక్కుకొనేవాడని అమ్మను అడిగాను.

"ఎన్నడు చెప్పలే. ఏం మొక్కినవయ్యా అంటే, మొక్కుడేంది, జరంతసేపు కూసుండి వచ్చిన అనేటోడు" అన్నది.

ఆ మాట వింటుండగా, నేను ఒకసారి ఒక ప్రసంగం కోసం చదివిన విషయం జ్ఞాపకం వచ్చింది. ఖురాను నలభై ఆరవ అధ్యాయంలో, నలభై యేళ్ళు నిండిన మనిషి చేసే ప్రార్థన ఒకటి ఉన్నది. నలభై అని వయస్సు చెప్పి మరీ ఉన్నది. అందులో అతడు ధనం అడగడు, రాబోయేది చెప్పమనీ అడగడు. తనకూ తన తల్లిదండ్రులకూ దేవుడు చేసిన మేలుకు కృతజ్ఞుడై ఉండే బుద్ధినీ, దేవునికి సమ్మతమైన మంచిపని చెయ్యగల శక్తినీ, తన సంతానంలో మంచితనాన్నీ కోరుకొంటాడు. వెనుక తల్లిదండ్రులు, ముందు సంతానం, మధ్య తాను చెయ్యవలసిన పని. నడివయస్సు మనిషి నిలబడే చోటు సరిగా అదే. అంతకంటె అతడు అడగవలసినది ఏమున్నది?

నేను జేబులోని ఉత్తరం తీసి, మొదటినుండి చివరిదాకా అమ్మకు చదివి, అర్థం చెప్పాను. అన్నాళ్ళుగా దాచిన ఉత్తరం. ఆమె శ్రద్ధగా విన్నది. తరువాత ప్రశ్నలు వేసింది.

"కోడలేమన్నది?"

భార్యకు చెప్పాను గాని, నీ అభిప్రాయం ఏమిటని అడగలేదని అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

"పిలగాడేమంటడు?"

వాణ్ణీ అడగలేదు.

"ఆడ నీ పనేంది?"

ఆ పని అంతా కాగితాల మీద అని చెప్పాను. ఇప్పటివలె ఊళ్ళకు వెళ్ళటం, ముసలివారి నోట పాటలూ కథలూ రికార్డు చేయటం, మైకు ముందు కూర్చోవటం ఉండవని చెప్పాను.

"మరి నీకే పని ఇష్టం?"

నేను మాట్లాడలేదు. అప్పుడామె అన్న మాటే నాకు ముఖ్యమైనది.

"నా కోసం ఆగకు కొడుకా. నా పేరు చెప్పి ఆగితే, రేపు చేతుల పైసలు లేనప్పుడు నన్నే తిట్టుకుంటవు. ఆగుతె నీ కోసం ఆగు, పోతె నీ కోసం పో."

అమ్మ కోసం ఉండిపోవాలనుకొంటున్నానని నేను అందరికీ చెపుతూ వచ్చాను. అది పూర్తి నిజం కాదు. నాకు ఆ పై ఉద్యోగం మీద ఇష్టం లేదు. దాని పేరు మీద ఇష్టం ఉన్నది. పేరు వదలుకోవటానికి ధైర్యం లేక, అమ్మను అడ్డం పెట్టుకొన్నాను. ఆమె ఆ అడ్డు తీసివేసింది. అప్పటిదాకా దేవుని ముందు కూర్చున్నది కూడా ఆ అడ్డు వెనుకనే. అబద్ధంతో అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు ఎట్లా వస్తుంది?

ఇంటికి వచ్చి భార్యతో, కొడుకుతో ఫోనులో మాట్లాడాను. ఈసారి అడిగాను. ఆమె జమాఖర్చు లెక్క చెప్పింది. ఇల్లు మార్చి కొంత చిన్న ఇంట్లో ఉంటే గడుస్తుందన్నది. కొడుకు కొంతసేపు మాట్లాడలేదు. వాడు చేరదలచుకొన్న కళాశాలకు జీతం ఎక్కువ. తరువాత, ప్రభుత్వ కళాశాలలో సీటుకు ప్రయత్నిస్తానన్నాడు. ఆ మాట వాడు సంతోషంగా అన్నాడని నేను చెప్పలేను. నా నిర్ణయానికి వాడు కూడా మూల్యం ఇస్తున్నాడని నాకు తెలుసు. ఆ సంగతి మరచిపోకూడదనుకొన్నాను. ఆ రాత్రి పై ఉద్యోగం వద్దని జవాబు వ్రాశాను.

దేవుడే నా చేత అట్లా వ్రాయించాడని నేను చెప్పను. అట్లా చెప్పుకొంటే, రేపు అది పొరపాటైతే తప్పు ఆయన మీదికి నెట్టవచ్చు. ఆ నిర్ణయం నాది. దాని మంచిచెడ్డలు నావి. అయితే ఆ నాలుగు రోజులలో నాకు సహాయం దొరకలేదని కూడా చెప్పలేను. చీట్లలో వెదికితే దొరకనిది, నేను అడగటం మరచిన మనుషుల ప్రశ్నలలో దొరికింది. మహేశ్వరుణ్ణి ధ్యానిస్తే రామచంద్రుడు వచ్చిన కథ ఉన్న ప్రాంతంవాణ్ణి, దానికి ఆశ్చర్యపడను.

నా వయస్సు సోదరీసోదరులకు ఒక్క మనవి. మీ జేబులోనూ అటువంటి ఉత్తరం ఉండవచ్చు. ఉద్యోగం కావచ్చు, పొలం అమ్మకం కావచ్చు, చాలా కాలంగా మాట్లాడని అన్నదమ్మునికి చెప్పవలసిన మాట కావచ్చు. దేవుణ్ణి తప్పక అడగండి. కాని ఆయన ముందు కూర్చునే ముందు, ఆ విషయం ఎవరి జీవితాన్ని తాకుతుందో వారికి ఆ ఉత్తరం చదివి వినిపించండి. వారు అడిగే ప్రశ్నలకు నిజం చెప్పండి. ఆ తరువాత ప్రార్థన చాలా చిన్నదవుతుంది.

నేను ఇప్పుడు పదిహేను రోజులకొకసారి నెక్కొండ వెళ్ళి వస్తున్నాను. అమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నది. కార్తికం నాటి ఆ చీట్లు రెండూ చాలా రోజులు నా చొక్కా జేబులోనే ఉండిపోయాయి. చాకిరేవుకు వెయ్యబోతూ అమ్మ వాటిని తీసి, చదవకుండానే పొయ్యిలో వేసింది.